తొమ్మిది ట్రిప్పుల మెరక

ఏప్రిల్ మూడో మంగళవారం ఉదయం పదకొండుంబావుకు నేను గూడూరు మండలంలో ఒక గ్యాసు బావి పక్కన ఖాళీ గుంట అంచున నిలబడి ఉన్నాను. ఆ గుంట ఖాళీగా ఉండకూడదు. తరువాత జరిగినదంతా దాని వల్లే జరిగింది గనక ముందే చెప్పేస్తున్నాను.

నేను పనిచేసింది రాష్ట్ర ప్రభుత్వంలో, ఫ్యాక్టరీలకూ బావులకూ వ్యర్థాల విషయంలో అనుమతులిచ్చే శాఖలో. అప్పటికి పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. మా నాన్నగారు గుడివాడలో లెక్కల మాస్టారు. ఏ కాగితం మీదైనా ముందు తేదీ, తరువాత టైము, ఆ పైన విషయం అనేవారు. ఆ అలవాటు వల్ల నాకు ఉద్యోగంలో స్నేహితులు తగ్గారు, అపీళ్ళలో ఓడిపోవడం కూడా తగ్గింది.

గ్యాసు కోసం బావి తవ్వేటప్పుడు లోపలికి ఒక రకం బురద పంపిస్తారు. కోసిన రాతి పొడిని అది పైకి తెస్తుంది. దాంతోపాటు కింద ఉన్న ఉప్పునీ, కాస్త నూనెనీ కూడా తెస్తుంది. ఆ బురదని ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటలో పోసి, ఆరాక పైన ఇంకో షీటు కప్పి, దాని మీద మంచి మట్టి పోసి, అక్కడే శాశ్వతంగా మూసెయ్యాలి. మేమిచ్చిన అనుమతిలో పద్నాలుగో షరతు, గుంటలోని పదార్థం ఆవరణ దాటరాదని. ఆ రోజు నేను వెళ్ళింది మూత సరిగ్గా వేశారో లేదో చూడ్డానికి. మూత లేదు. మూత వెయ్యడానికి లోపల ఏమీ లేదు. అడుగున షీటు కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది.

కంపెనీ తరఫున పర్యావరణం చూసే అధికారి నా పక్కనే ఉన్నాడు. నలభై లోపు మనిషి, అనంతపురం వైపువాడు.

"నీటుగా క్లీన్ చేయించినాం మేడం. ఒక్క తట్ట కూడా మిగల్లేదు," అన్నాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన లక్షణమే లేదు. క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

ఎక్కడికి పోయిందని అడిగాను.

"లోకల్ కాంట్రాక్టరు తోలుకుపోయినాడు మేడం. జనం మట్టి కావాలని అడుగుతా ఉన్నారంట." కాస్త ఆగి, "మా పక్క మట్టి అడిగేవాళ్ళు ఉండరు మేడం. నాకూ వింతగానే అనిపించింది," అన్నాడు.

డెల్టాలో పుట్టనివాళ్ళకి మెరక అంటే ఏమిటో చెప్పాలి. ఇక్కడ నేల, నీళ్ళు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. ఇల్లు కట్టాలంటే ముందు ఇటుక కొనరు, మట్టి తోలిస్తారు. స్థలాన్ని రోడ్డు కన్నా ఎత్తు చేసుకోవడమే మెరక. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా పిల్లని చూడకముందే ఇల్లు మెరక మీద ఉందా అని చూస్తారు. దారిన పోయేవాడికి మట్టి కుప్ప కనిపిస్తే అది ఎవరిదని అడగడు, ఎవరికి పోస్తున్నారని అడుగుతాడు. గుడివాడలో మా ఇంటి మెరక కోసం నాన్నగారు రెండు వేసవులు ఎదురుచూశారు. చివరికి కాలువ పూడిక వచ్చిన రోజున మా అమ్మ లారీ డ్రైవరుకి చుట్టాల కోసం దాచిన వెండి గ్లాసులో కాఫీ ఇచ్చింది.

ఈ సంగతి మా షరతుల్లో ఎక్కడా లేదు. ఆ షరతులు రాసిన ముగ్గురమూ డెల్టా వాళ్ళమే. బురద కారుతుందేమో, వానకి పొంగుతుందేమో, గేదెలు పడతాయేమో అని ఒక్కోదానికి ఒక్కో షరతు రాశాం. జనం ముచ్చటపడి అడిగి పట్టుకెళ్తారేమో అని మాత్రం రాయలేదు.

కాంట్రాక్టరు ఎవరో ఆఫీసుకి వచ్చాక తెలిసింది. గుడివాడలో మా వెనక వీధి కుర్రాడు. కుర్రాడంటే యాభై ఉంటాయి. చిన్నప్పటి నుంచీ నన్ను పిన్నిగారూ అంటాడు. పిలిపిస్తే మర్నాడే వచ్చి, నమస్కారం పెట్టి, కుర్చీలో సగం మీదే కూర్చున్నాడు.

"మట్టే కదండీ పిన్నిగారూ," అన్నాడు. "విషమైతే పచ్చగానో ఎర్రగానో ఉండాలి గదా. ఇది బూడిద రంగులో, మెత్తగా, ముద్దొస్తా ఉంది."

ఏ ట్రిప్పు ఎక్కడ పోశాడో కాగితం మీద లేదు గానీ, ఎవరు మజ్జిగ ఇచ్చారో, ఎవరు మంచినీళ్ళతో సరిపెట్టారో అతనికి గుర్తుంది. ఆ లెక్కన చెప్పుకుంటూ వచ్చాడు. గుడ్లవల్లేరు దగ్గర ఒక రైసు మిల్లు ఆవరణకి ఇరవై. ఒక కల్యాణ మండపానికి పదకొండు. ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలానికి ఎనిమిది. బందరు అవతల, సముద్రం వైపు, చేపలు పట్టేవాళ్ళ పాలెంలో ఒక పల్లపు వరసకి తొమ్మిది. మొత్తం నలభై ఎనిమిది. గుంట కొలతలతో సరిచూశాను. సరిపోయింది.

నాలుగు చోట్లా నమూనాలు తీయించాను. ఫలితం అన్నిటికీ ఒకటే. ఉప్పు విపరీతం, నూనె పరిమితి దాటింది, మనుషులు తిరిగే చోట ఉండకూడదు. కంపెనీ అధికారి ఆ కాగితం చదివి తెల్లబోయాడు. ఖర్చంతా కంపెనీదేనని, ఎక్కడి మట్టి అక్కడి నుంచి తిరిగి తెచ్చి గుంటలో వేస్తామని రాసిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

మూడు చోట్ల పని తేలిగ్గానే అయింది. ఉప్పు అన్న మాట వినగానే మిల్లు యజమాని ధాన్యానికి భయపడి తనే ఎత్తించేశాడు. కల్యాణ మండపం వాళ్ళు ముహూర్తాలు అయ్యేదాకా ఆగమన్నారు, ఆగాం. బళ్ళో సెలవులు. హెడ్మాస్టరు గారు ఎనిమిది ట్రిప్పుల మట్టి తీసుకెళ్ళినట్టు రసీదు ఇమ్మన్నారు. మా శాఖలో మట్టికి రసీదు నమూనా లేదంటే, తెల్ల కాగితం మీద రాయించుకుని స్టాంపు వేయించుకున్నారు. నాకు ఆయన నచ్చారు.

మిగిలింది పాలెం. ఏప్రిల్ ఆఖరి శనివారం వెళ్ళాను. మా జీపు డ్రైవరు దివిసీమ మనిషి, ఉప్పెన ఎరిగినవాడు. అన్నిటి మీదా వేళాకోళం చేస్తాడు, నీళ్ళ మీద తప్ప. ఆ పల్లపు వరసని జీపులోంచి చూసి, "ఐదిళ్ళండి. పాలెం నీళ్ళన్నీ ఇటే దిగుతాయి," అని మాత్రం అన్నాడు.

మొదటి ఇల్లు ఎండు చేపలు అమ్ముకునే ఒకావిడది. నా ఈడుదే. రెండు ట్రిప్పుల మట్టి ఆవిడ వాకిట్లోకీ, ఇంట్లోకీ పోయించుకుంది. తడిపి, దిమ్మిస కొట్టించి, పేడతో అలికి, ముగ్గు కూడా పెట్టింది. గుమ్మం ఎత్తి కొత్త గడప వేయించింది. నేను వచ్చిన పని చెప్పకముందే నన్ను ఆ వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టింది.

"ఎంత ఎత్తైందో సూడండి అక్కగారూ," అంది. "కాపరానికొచ్చిన కాడి నుంచీ వానొస్తే మంచం మీద పొయ్యెట్టుకుని వండుకున్నా. ఈ ఏడు కింద కూకుని వండుకుంటా."

మట్టిలో ఏమైనా తేడా కనిపించిందా అని అడిగాను.

"తేడా అంటే, తోటకూర జల్లితే మొలవలా. పోన్లే, కలుపూ మొలవదు గదా. సేపలు ఆరబోత్తే ఈగ వాలట్లేదు. అంత మంచి మట్టండీ ఇది."

మా డ్రైవరు ఈలోగా ఆవిడ దగ్గర ఎండు నెత్తళ్ళ చేపలు కొని పొట్లం కట్టించుకున్నాడు. ఈగ సంగతి విని ఆ పొట్లాన్ని మెల్లగా మళ్ళీ గంపలో పెట్టేశాడు. డబ్బులు వెనక్కి అడగలేదు. అంతకు ముందు వారం నమూనాల కోసం వచ్చినప్పుడు కూడా ఆయన అక్కడే కొన్నాడని తరువాత తెలిసింది.

నేను ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ మట్టి భూమి లోపలి నుంచి ఏమేం తెచ్చిందో, వానకి తడిస్తే అది మీ చెలమ నీళ్ళలోకి ఎలా దిగుతుందో, పిల్లలు దీని మీద ఎందుకు ఆడకూడదో. ఎండేసిన చేపలు కూడా అమ్మకూడదన్నాను. ఆవిడ అడ్డు తగలకుండా మొత్తం విన్నది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గోడల వెంట నిలబడి విన్నారు.

"అంటే తీసేత్తారు," అంది.

"తీసేస్తాం. బదులు మంచి మట్టి పోయిస్తాం."

"ముందేది?"

రెండూ చేస్తామన్నాను.

"రెండూ ఒక్కపాలి అవ్వవు గదా అక్కగారూ. ముందేది?"

నలభై ఏళ్ళకి దగ్గరపడిన ఉద్యోగంలో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. ముందు తీయడమే అన్నాను.

"అట్టా వద్దు. ఆ మంచి మట్టి తెచ్చి రోడ్డు పక్కన పోయించండి. కళ్ళతో సూసుకుంటాం. తర్వాత ఇది పట్టుకుపోండి. మీ మీద నమ్మకం లేక కాదు. వాన మీద లేదు."

నాకు న్యాయంగానే అనిపించింది. తొలకరికి ముందు మీ గుమ్మం ఇంతే ఎత్తులో ఉంటుందన్నాను. "మాటేనా?" అంది. మాటేనన్నాను. అప్పుడు మజ్జిగ ఇచ్చింది.

ఆర్డరు ఆవిడ చెప్పిన వరసలోనే రాశాను. ముందు మంచి మట్టి చేరాలి, తరువాత వ్యర్థం తియ్యాలి. అది చదివి మా పై అధికారి ఫోను చేశారు. మర్యాదస్థుడు, ఎప్పుడూ గొంతు ఎత్తి ఎరగరు. "అమ్మా, ఇళ్ళ మధ్య వ్యర్థం ఉందని తెలిసీ మట్టి కోసం ఆగామంటే, రేపు ఎవరైనా కోర్టుకి వెళ్తే మనం ఏం చెబుతాం? అదీగాక మట్టి మీద మనకు అధికారం ఏముంది?" అన్నారు. ఆయన అన్న రెండూ నిజం. ఆయన కుర్చీలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. వాక్యాలు తారుమారు చేశాను. మొదటి వాక్యం, పదిహేను రోజుల్లో వ్యర్థం తొలగించాలి. రెండో వాక్యం, సంబంధిత శాఖల అనుమతితో కంపెనీ తగినంత మంచి మట్టి సమకూర్చాలి.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏ ఆర్డరులోనైనా మొదటి వాక్యం అమలవుతుంది. రెండో వాక్యం ఫైలవుతుంది.

మే రెండో శుక్రవారం పొద్దున్నే పొక్లెయిన్ పాలెంలోకి వచ్చింది. గోల జరగలేదు. ఆవిడే గడప తీయించి గోడకి ఆనించింది, ముగ్గు చెరిపింది. మూడు గంపల ఎండు చేపలు మా ఎదటే గూడూరు గుంటకి వెళ్ళే లారీలో పోయించాం. కంపెనీ వాటికి ఇవ్వవలసింది అక్కడే ఇచ్చింది. మధ్యాహ్నానికి తొమ్మిది ట్రిప్పులూ లేచిపోయాయి.

అప్పుడొచ్చింది అసలు పేచీ. వ్యర్థం పరిచిన చోట దాని కింది నేలలోకి కూడా ఉప్పు దిగి ఉంటుంది. అందుకని ఒక జానెడు లోతు అదనంగా తీయించాలని మా నిబంధన. డ్రైవరు నన్ను పక్కకి పిలిచాడు. "మేడం, ఆ జానెడూ వదిలెయ్యండి. మళ్ళీ మట్టి వచ్చేదాకా ఉండనియ్యండి," అన్నాడు. దివిసీమ మనిషి మాట అది. నేను టేపు పట్టుకుని దగ్గరుండి జానెడూ తీయించాను. ఉప్పు ఉన్న మాట నిజం. తరువాత పరీక్షలో కూడా ఉన్నట్టే వచ్చింది.

అంటే మెరకకి ముందు ఆ ఇళ్ళు ఎంత పల్లంలో ఉండేవో, ఇప్పుడు అంతకన్నా జానెడు పల్లంలోకి దిగాయి. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసింది. "మా అత్త అలికిన నేల కూడా పోయిందే," అంది. నాతో కాదు, పక్కింటావిడతో.

మంచి మట్టి ఎక్కడో లేదు. పది కిలోమీటర్ల దూరంలో మురుగు డ్రెయిన్ గట్టు మీద పూడిక తీసిన మట్టి కొండలా పడి ఉంది. కంపెనీ లారీలు కూడా సిద్ధంగా పెట్టింది. డ్రెయిన్ చూసే శాఖని అడిగితే, గట్టు మాది గానీ మట్టి తరలించాలంటే గనుల శాఖ అనుమతి కావాలన్నారు. గనుల శాఖ వాళ్ళు, అది గని మట్టి కాదు పూడిక, కనక డ్రెయిన్ వాళ్ళే అలాగని రాసివ్వాలన్నారు. రాసివ్వడానికి పరీక్ష కావాలన్నారు. పరీక్ష చేసేది మా శాఖ. రెండు రోజుల్లో చేసి ఇచ్చాను. ఆ కాగితం మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కింది. ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ విసుక్కోలేదు. రెండు ఆఫీసుల్లోనూ నాకు టీ ఇచ్చారు.

మే మూడో వారంలో మా వెనక వీధి కాంట్రాక్టరు ఇంటికే వచ్చాడు. ఆ పాలెం వాళ్ళు ఎదురైనప్పుడల్లా అడుగుతున్నారట, తలెత్తుకోలేకపోతున్నాడట.

"పిన్నిగారూ, మీరు ఊఁ అనక్కర్లేదు. ఉలక్కుండా పలక్కుండా ఉంటే చాలు. ఆదివారం పూట తొమ్మిది ట్రిప్పులూ తోలించేస్తాను."

"అనుమతి లేకుండా మట్టి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"మట్టి మట్టేనండీ."

"ఆ మాట ఏప్రిల్లో కూడా అన్నావు."

అతను తల వంచుకుని, "అప్పుడు మట్టి తప్పు పిన్నిగారూ. ఇప్పుడు కాగితం తప్పు. రెండూ ఒకటేనంటారా?" అన్నాడు.

నేను వద్దన్నాను. ఏ మట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోవడం వల్లే కదా ఇదంతా వచ్చిందన్నాను. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ మా ఇంటి మెరక వైపు ఒకసారి చూశాడు.

తొలకరికి ఇంకా వ్యవధి ఉందనే నా లెక్క. లెక్కలో తప్పు లేదు. వచ్చింది తొలకరి కాదు, అల్పపీడనం. మే ఆఖరి వారంలో సోమవారం మధ్యాహ్నం మొదలై బుధవారం తెల్లవారే దాకా కురిసింది. తెరిపివ్వగానే బయల్దేరాం.

పాలెంలో మిగతా వరసల్లో చీలమండల లోతు నీళ్ళున్నాయి. పల్లపు వరసలో నడుము లోతు. మేం చదరంగా, టేపు పెట్టి తవ్వించిన చోట నీళ్ళు కూడా చదరంగానే నిలబడ్డాయి. ఐదిళ్ళ వాళ్ళూ బడి వరండాలో ఉన్నారు. ఆవిడ గడపని వెంట తెచ్చుకుంది. దాన్ని గోడకి ఆనించి, దాని పక్కనే కూర్చుని ఉంది.

మట్టి అనుమతి చివరి సంతకంలో ఉందని చెప్పాను. అది నిజమే.

"వత్తే రోడ్డు మీదే పోయించండి మేడం గారూ," అంది. "లోనకి లారీ రాదు."

కోపంగా అనలేదు. అయితే అంతకు ముందు రెండుసార్లూ నేను అక్కగారిని. మేడం అవడం అదే మొదలు. ఆ తరువాత మళ్ళీ మారలేదు.

అనుమతి జూన్ మొదటి శుక్రవారం నాడు వచ్చింది. పదిహేను రోజుల్లో మట్టి ఎత్తుకోవాలని షరతు. అప్పటికి డ్రెయిన్ పొంగి గట్టు మీది పూడిక సగం మళ్ళీ డ్రెయిన్‌లోకే జారిపోయింది, మిగిలిన దాని దగ్గరికి లారీ వెళ్ళే దారి లేదు. గడువు పొడిగించమని రాశాం. పొడిగించారు, సంక్రాంతి దాటాక. తొమ్మిది ట్రిప్పులూ ఫిబ్రవరిలో పోయించాం. మంచి ఒండ్రు మట్టి. ఆవిడ అప్పటికే దివిసీమలో చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. ఆవిడ వాటా రెండు ట్రిప్పులూ తలుపు లేని ఇంటి ముందు పోసి వచ్చారు. నెల తిరిగేసరికి ఆ మట్టి అక్కడ లేదు. ఎవరు తీసుకెళ్ళారని నేను విచారించలేదు. డెల్టాలో మట్టి కుప్ప నెలరోజులు ఆగిందంటేనే ఆవిడంటే ఆ పాలెంలో గౌరవం ఉందని అర్థం.

గూడూరు గుంట విషయానికొస్తే, నలభై ఎనిమిది ట్రిప్పులూ, అదనంగా తీసిన జానెడు నేలతో సహా, తిరిగి అందులోకి చేరాయి. షీటు కప్పారు, మట్టి పోశారు, చుట్టూ కంచె వేశారు. మూసివేత ధ్రువపత్రం మీద నేనే సంతకం చేశాను. చెయ్యకపోవడానికి కారణం లేదు, ఆ రోజు నాటికి ఒక్క షరతు కూడా బాకీ లేదు. వ్యర్థాన్ని పూర్తిగా వెనక్కి రప్పించిన కేసని కొత్తగా చేరేవాళ్ళకి శిక్షణలో ఇప్పటికీ చెబుతున్నారట. మొన్న ఒకమ్మాయి ఫోను చేసి, ఇంత పకడ్బందీగా ఎలా చేశారు మేడం, రాసిపెట్టండి అంది. అందుకని రాశాను. ఆ కేసులో ఏం దక్కిందో శిక్షణలో చెబుతారు. పోయినవి మాత్రం ఏ ఫైల్లోనూ ఒకచోట లేవు గనక, ఇక్కడ రాస్తున్నాను.

ఎండు చేపలు, మూడు గంపలు. వానకి కూలిన గోడ ఒకటి, తూర్పు వైపుది. పొయ్యిలు ఐదు. నానిపోయి పనికి రాకుండా పోయిన వలలు రెండు. కోళ్ళు నాలుగు. ప్రాణనష్టం లేదని రిపోర్టులో రాశాను, కోళ్ళు ఆ గడిలోకి రావు. అత్తల నాటి నేల, జానెడు మందం, ఐదిళ్ళకీ. పాలెంలో ఒక గడప తగ్గింది, దాన్ని ఆవిడ వెంట తీసుకెళ్ళింది.

వ్యర్థం ఒక్క తట్ట కూడా పోలేదు.